మారిషస్: అందరూ ఓడ దిగినవాళ్లే

మారిషస్ రూపాయి నోట్లను వరసగా పేర్చి చూస్తే ఆ దేశ రాజకీయం సగం అర్థమైపోతుంది. 25 రూపాయల నోటు మీద చైనా సంతతి వ్యాపారి, మంత్రి మొయిలిన్ జాన్ ఆ-చ్యూన్ బొమ్మ ఉంటుంది. 50 మీద ఫ్రెంచి సంతతికి చెందిన మోరిస్ పాటురో, 100 మీద తమిళ కుటుంబంలో పుట్టిన లాయరు రెంగనాదెన్ సీనివాసెన్, 200 మీద ముస్లింల నాయకుడు అబ్దుల్ రజాక్ మొహమ్మద్, 500 మీద హిందూ నాయకుడు సుఖ్‌దేవ్ బిసున్‌దయాల్, 1000 మీద బానిసల వారసులైన క్రియోల్ జనం నెత్తిన పెట్టుకున్న గేటాన్ దువాల్, 2000 మీద తొలి ప్రధాని సర్ శివసాగర్ రామ్‌గులామ్. ఎవరి వాటా వాళ్లకి అందింది. వీళ్లలో దువాల్ సంగతి మరీ విచిత్రం. 1967లో స్వాతంత్ర్యం వద్దు, బ్రిటన్‌తోనే ఉందామని ఊరూరా ప్రచారం చేసిన మనిషి ఆయన. ఆ స్వతంత్ర దేశమే ఆయన బొమ్మను వెయ్యి రూపాయల నోటు మీద వేసుకుంది.

నోటు మీది భాషల వరసకూ ఒక లెక్క ఉంది. ఇంగ్లీషు తర్వాత తమిళం, ఆ తర్వాత హిందీ. 1998లో కొత్త నోట్లు అచ్చువేసినప్పుడు ఆ వరస మారి తమిళం కంటే హిందీ ముందుకొచ్చింది. ఈ దీవికి మా పెద్దలే ముందొచ్చారు, మా భాష కిందికెలా పోతుందని తమిళులు గట్టిగా నిరసన తెలిపారు. ప్రభుత్వం ఆ నోట్లను వెనక్కి తీసుకుని పాత వరసలో మళ్లీ అచ్చువేయించింది. రెండు పంక్తులు అటూ ఇటూ అయినందుకు కరెన్సీ మార్చుకోవడం బయటివాళ్లకు నవ్వులాటగా తోచవచ్చు. అక్కడ మాత్రం కాదు. 12 లక్షల పైచిలుకు జనాభా, మన సగటు జిల్లా కంటే చిన్న భూభాగం, అందులో మూలవాసులు ఒక్కరూ లేరు. అందరూ ఏదో ఒక ఓడ దిగినవాళ్లే. ఈ నేల మాదేనన్న మాట అక్కడ ఏ ఒక్కరికీ చెల్లదు, అందుకే మా వాటా ఎంతన్న ప్రశ్న అందరికీ ఉంటుంది. టూరిజం ప్రకటనల్లో కనిపించే ‘ఇంద్రధనుస్సు దేశం’ కంటే ఈ వాటాల బేరమే మారిషస్‌ను బాగా చూపిస్తుంది. దేశం నిలబడింది ఆ బేరం వల్లే. కొన్ని చోట్ల ఇరుక్కుపోయిందీ దాని వల్లే.

నల్లరాతి నేల

దీవి పుట్టుకకు దక్కను పీఠభూమితో చుట్టరికం ఉంది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట మహారాష్ట్ర నుంచి తెలంగాణ పడమటి అంచు దాకా లావా పరుచుకుంది. జహీరాబాద్, వికారాబాద్ వైపు కనిపించే నల్లరాయి అప్పటిదే. ఆ లావాను పైకి తన్నిన భూగర్భపు వేడి తావు ఉన్నచోటే ఉండిపోగా, పైనున్న భూఫలకం ఉత్తరానికి జరుగుతూ పోయింది. ఆ జరుగుబాటులో లక్షదీవులు, మాల్దీవులు, చాగోస్‌ల అడుగున ఉన్న శిఖరాలు ఒకదాని తర్వాత ఒకటి లేచాయి. 80 లక్షల ఏళ్ల కిందట మారిషస్ వంతు వచ్చింది. ఇప్పుడా వేడి తావు పక్కనున్న రీయూనియన్ దీవి కింద ఉంది. అక్కడి అగ్నిపర్వతం ఈనాటికీ లావా కక్కుతూనే ఉంది. మారిషస్‌వి మాత్రం చల్లారిపోయాయి. కూర్పీప్ పట్టణం నడిబొడ్డున ఉన్న ట్రూ ఓ సెర్ఫ్ అగ్నిబిలం అంచున ఇప్పుడు జనం పొద్దున్నే వాకింగ్ చేసుకుంటారు.

ప్రధాన దీవి విస్తీర్ణం 1,865 చదరపు కిలోమీటర్లు. ఆఫ్రికా తీరానికి దూరంగా, మడగాస్కర్‌కు తూర్పున నడిసముద్రంలో ఉంటుంది. నడుమ పీఠభూమి, దాని చుట్టూ విరిగిన గిన్నె అంచులా కొండలు. ఎత్తయిన శిఖరం 828 మీటర్లే. అంత చిన్న దీవిలోనూ వాన ఒక్కలా ఉండదు. ఆగ్నేయ గాలులు మోసుకొచ్చిన తేమ పీఠభూమి మీద కురిసిపోవడంతో అక్కడ కొన్నిచోట్ల ఏడాదికి 4,000 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. కొండలు దాటి పడమటి తీరానికొస్తే 900 మిల్లీమీటర్లు పడితే గొప్ప. టూరిస్టు హోటళ్లు ఎక్కువగా తీరాల్లో ఉండటానికి, పాత మధ్యతరగతి ఊళ్లు పీఠభూమి మీద ఉండటానికి వెనక ఈ వాతావరణంతో పాటు ఒక జబ్బు కూడా ఉంది. 1866-68 మధ్య మలేరియా వేలాది మందిని పొట్టన పెట్టుకుంది. రాజధాని పోర్ట్ లూయిస్‌లోని కలిగినవాళ్లు దోమలకు భయపడి చల్లటి కూర్పీప్ వైపు ఎగబాకారు. ఉద్యోగం కింద, కాపురం పైన అన్న పద్ధతి అప్పుడే మొదలైంది. పొద్దునా సాయంత్రం ఆ దారిలో ట్రాఫిక్ జామ్‌కు దాని వంతు బాధ్యత ఇప్పటికీ ఉంది.

తీరం చుట్టూ దాదాపు పూర్తిగా పగడపు దిబ్బ ఉంది. అలల ఊపు అక్కడే తగ్గిపోయి లోపల నీరు చెరువులా ఉంటుంది. దక్షిణాన గ్రీ-గ్రీ దగ్గర మాత్రం దిబ్బ తెగిపోవడంతో సముద్రం నేరుగా నల్లకొండ చరియలను కొడుతుంది. తుపాన్లు మాత్రం దిబ్బతో ఆగేవి కావు. 1960 ఫిబ్రవరిలో వచ్చిన కరోల్ తుపాను రేకుల ఇళ్లనూ కలప ఇళ్లనూ ఊడ్చేసింది. ఆ తర్వాతే దేశం కాంక్రీటు డాబాలకు మళ్లింది. ఈ రోజు పల్లెల్లో కనిపించే బల్లపరుపు స్లాబు ఇళ్లకు అందం తక్కువంటారు గానీ, అవి కరోల్ తుపాను నేర్పిన పాఠం.

డోడో, ఎబోనీ, చెరకు

అరబ్బు నావికులకు ఈ దీవి ఎప్పటి నుంచో తెలుసు. పోర్చుగీసువాళ్లు 16వ శతాబ్దం మొదట్లో చూసి వదిలేశారు. 1598లో డచ్చివాళ్లు వచ్చి తమ పాలకుడు మోరిస్ ఆఫ్ నసావ్ పేరు పెట్టి, 1638లో కాపురం పెట్టారు. అంతకుముందు ఇక్కడ గబ్బిలాలు తప్ప నేల మీద తిరిగే క్షీరదాలే లేవు. వేటాడే జంతువు లేనిచోట రెక్కల పని తగ్గిపోతుంది. డోడో అలా ఎగరడం మరిచిన పావురమే. డీఎన్ఏ పరీక్షల్లో దానికి బతికున్న దగ్గరి చుట్టంగా తేలింది మన నికోబార్ పావురం.

డచ్చివాళ్లు డోడోలను తిని హరించారన్న కథ సగమే నిజం. అసలు దెబ్బ ఓడల్లోంచి దిగిన ఎలుకలు, పందులు, కోతుల నుంచి పడింది. నేల మీద పెట్టిన ఒకే ఒక గుడ్డును అవి మిగలనివ్వలేదు. డోడోను చూసినట్టు ఎక్కువమంది ఒప్పుకునే చివరి సంగతి 1662 నాటిది. ఇదే డచ్చివాళ్లు ఎబోనీ చెట్లను నరికి యూరప్‌కు ఎగుమతి చేశారు, జావా నుంచి చెరకునూ జింకనూ తెచ్చి వదిలారు, 1710లో మాకిక్కడ లాభం లేదని మూటాముల్లే సర్దుకుని పోయారు. వాళ్లు పోయినా చెరకు ఉండిపోయింది. ఇప్పుడు మంచి స్థితిలో మిగిలిన స్థానిక అడవి దీవిలో 2 శాతం కూడా లేదు. ఆ మిగిలిన దానిలో పెద్ద ముక్క 1994లో ఏర్పడ్డ బ్లాక్ రివర్ గార్జెస్ జాతీయ పార్కులో ఉంది.

డోడో బొమ్మ దేశ అధికార చిహ్నంలో ఉంది, టీషర్టుల మీదా ఉంది. అయితే అంతకంటే ఆసక్తికరమైన పక్షి మారిషస్ కెస్ట్రెల్ అనే చిన్న డేగ. 1974 నాటికి అడవిలో తెలిసినవి నాలుగే నాలుగు. కార్ల్ జోన్స్ అనే వెల్ష్ జీవశాస్త్రవేత్త బృందం గూళ్లలోంచి గుడ్లు తీసి పొదిగించి, తల్లి పక్షి మళ్లీ గుడ్లు పెట్టేలా చూసి, పిల్లలకు చేత్తో మేత పెట్టి అడవిలో వదిలింది. ఇప్పుడవి వందల్లో ఉన్నాయి. గులాబీ పావురం, ఎకో చిలుక కూడా ఇలాగే చివరి అంచు నుంచి వెనక్కొచ్చాయి. ఇల్ ఓ ఎగ్రెట్ అనే చిన్న దీవిలో మరో ప్రయోగం జరిగింది. అంతరించిన స్థానిక పెద్ద తాబేళ్లు చేసే పనికి, అంటే పళ్లు తిని గింజలు చల్లే పనికి, సీషెల్స్ నుంచి అల్డాబ్రా తాబేళ్లను తెచ్చిపెట్టారు. ఒక్కసారి పోయిన ప్రకృతిని యథాతథంగా తెచ్చుకోలేరు కాబట్టి బదిలీ మీద మరొకరిని పెట్టుకున్నారన్నమాట. అదే తీరానికి దగ్గర్లో 2020 జులై 25న వకాషియో అనే జపాన్ యాజమాన్యపు ఓడ పగడపు దిబ్బకెక్కి, ఆగస్టులో సుమారు వెయ్యి టన్నుల నూనె కక్కింది. ప్రభుత్వం కదిలేలోపే జనం చెరకు ఆకు గోతాల్లో కుక్కి కుట్టి, నూనెను అడ్డుకునే తేలుడు కట్టలు తయారుచేసి నీళ్లలోకి దిగారు.

ఫ్రెంచి దొరలు, బ్రిటిష్ జెండా

1715లో దీవిని తమదని ప్రకటించుకున్న ఫ్రెంచివాళ్లు దాన్ని ఇల్ ద ఫ్రాన్స్ అన్నారు. 1735లో గవర్నరుగా వచ్చిన మహే ద లా బుర్దొనే పోర్ట్ లూయిస్‌ను నిజమైన రేవుగా మార్చాడు. 1746లో మద్రాసును ఇంగ్లీషువాళ్ల నుంచి లాక్కున్నది ఈయనే. ఆ దండయాత్రకు దన్నుగా నిలిచింది ఈ దీవే. రేవు కట్టడానికి పుదుచ్చేరి వైపు నుంచి తమిళ పనివాళ్లు వచ్చారు. తోటల్లో చాకిరీకి మడగాస్కర్, మొజాంబిక్‌ల నుంచి బానిసలను తెచ్చారు. పాంప్లెమూస్‌లో పియర్ ప్వావ్ర్ అనే అధికారి డచ్చివాళ్ల గుత్తను తప్పించుకుని సంపాదించిన జాజికాయ, లవంగ మొక్కలు నాటాడు. అదే ఇప్పటి బొటానికల్ గార్డెన్.

1810లో బ్రిటిష్‌వాళ్లు దీవిని గెలిచారు. గెలిచి చేసిన పని అసాధారణమైనది: ఫ్రెంచి తోటల యజమానులకు వాళ్ల ఆస్తి, మతం, భాష, చట్టం అలాగే ఉంచేశారు. ఇవాళ్టికీ మారిషస్‌లో సివిల్ చట్టం ఫ్రెంచి పునాది మీద నడుస్తుంది, కోర్టు మాత్రం ఇంగ్లీషులో. పేపర్లు ఫ్రెంచిలో వస్తాయి, పార్లమెంటు అధికార భాష ఇంగ్లీషు, ఇంట్లో, బస్సులో, కొట్లాటలో ఫ్రెంచి నుంచి పుట్టిన క్రియోల్ భాష. 2022 జనాభా లెక్కల్లో పదింట తొమ్మిది మంది ఇంట్లో మాట్లాడేది క్రియోలే అన్నారు. అయినా దాన్ని ప్రాథమిక పాఠశాలల్లో ఐచ్ఛిక భాషగా పెట్టడానికి 2012 దాకా పట్టింది. ఎవరి వాటాలోకీ రాని భాష కావడమే అందరి భాషకు అడ్డమైంది.

బానిసత్వం 1835 ఫిబ్రవరి 1న రద్దయింది. సుమారు 66 వేల మంది విడుదలయ్యారు. నష్టపరిహారం వాళ్లకు కాదు, యజమానులకు దక్కింది: 20 లక్షల పౌండ్లకు పైగా. ఆ డబ్బుతో చెరకు తోటలు ఇంకా పెరిగాయి. విడుదలైన జనంలో చాలామంది తోటల మొహం చూడకుండా తీరప్రాంతపు చేపలవేటకూ ఊళ్లలో చేతిపనులకూ వెళ్లిపోయారు. చేతిలో భూమి లేదు, పరిహారం లేదు. నేటి క్రియోల్ జనం వెనకబాటుకు వేరు అక్కడుంది. నైరుతి మూల సముద్రంలోకి చొచ్చుకుపోయిన ల మోర్న్ కొండ పారిపోయిన బానిసలు దాక్కున్న చోటు. యునెస్కో దాన్ని 2008లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

పదహారు మెట్లు

బానిసల స్థానంలో ఎవరు? బ్రిటిష్ ప్రభుత్వం ‘మహా ప్రయోగం’ అని పిలిచిన పథకం ఇక్కడే మొదలైంది. 1834 నవంబర్ 2న అట్లాస్ అనే ఓడలో 36 మంది ఒప్పంద కూలీలు కలకత్తా నుంచి దిగారు. 20వ శతాబ్దం మొదటి దశకాల వరకు సుమారు 4.5 లక్షల మంది వచ్చారు. ఎక్కువమంది తిరిగి వెళ్లలేదు. 1861 నాటికే దీవి జనాభాలో మూడింట రెండొంతుల దగ్గరకు భారతీయులు చేరారు. వాళ్లతోపాటు రూపాయి కూడా వచ్చింది, 1870ల్లో అధికారిక నాణెం అయింది.

పోర్ట్ లూయిస్ రేవులో వాళ్లు దిగిన చోటు ఆప్రవాసీ ఘాట్. 1849 నుంచి నడిచిన ఆ డిపోలో ఇప్పుడు మిగిలింది కొంతే, మిగతా జాగా మీదుగా పెద్ద రోడ్డు పోతోంది. మిగిలిన వాటిలో ముఖ్యమైనవి ఓడ దిగినవాళ్లు ఎక్కిన 16 రాతి మెట్లు. మెట్లెక్కాక ఒక్కొక్కరికి ఒక నంబరు, తర్వాతి రోజుల్లో అయితే ఒక ఫొటో కూడా. పేరు గుమాస్తాకు ఎలా వినపడితే అలా రిజిస్టరులోకి ఎక్కేది. అప్పడు, నాయుడు లాంటి పేర్లు ఫ్రెంచి చెవికి తగ్గ స్పెల్లింగులో పడి, కొడుకులకూ మనవలకూ ఇంటిపేర్లుగా ఖాయమైపోయాయి. రెండు మూడు రోజుల్లో ఏదో ఒక తోటకు పంపించేవాళ్లు. నెలకు 5 రూపాయల జీతం, బియ్యం, పప్పు, ఉప్పు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోత. చెరకు వేయాలంటే ముందు నేలలోని నల్లరాళ్లు ఏరాలి. వాళ్లు చేత్తో ఏరి పోసిన రాళ్ల గుట్టలు ఇప్పటికీ పొలాల నడుమ చిన్న పిరమిడ్లలా నిలబడి ఉన్నాయి. ఒప్పందం ముగిసిన ‘పాత వలసదారు’ సైతం 1867 చట్టం కింద ఫొటో ఉన్న పాసు జేబులో పెట్టుకుని తిరగాల్సిందే. అది లేకపోతే జైలు. అడాల్ఫ్ ద ప్లేవిట్జ్ అనే తోట మేనేజరు 1871లో కూలీల తరఫున అర్జీ రాసి వేలాది సంతకాలు సేకరించాకే బ్రిటన్ రాయల్ కమిషన్‌ను పంపింది.

తెలుగువాళ్లు ఈ గుంపులో చిన్న భాగమే. గంజాం, విశాఖపట్నం, గోదావరి ప్రాంతాల నుంచి కోరంగి రేవు మీదుగానూ మద్రాసు మీదుగానూ వెళ్లారు. వాళ్లు తీసుకెళ్లిన దేవుళ్లను బట్టి ఏ ఊరివాళ్లో ఊహించవచ్చు: మారిషస్ తెలుగువాళ్ల పెద్ద పూజ సింహాద్రి అప్పన్నకు. అమ్మోరు పండుగ, దీపస్తంభం చుట్టూ తిరుగుతూ పాడే రామభజన నేటికీ జరుగుతున్నాయి. ఇళ్లలో తెలుగు దాదాపు పోయింది, వాడుక అంతా క్రియోలే. కానీ బడిలో తెలుగు ఐచ్ఛిక సబ్జెక్టుగా ఉంది, మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో పైచదువులకూ వీలుంది. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. ఉగాది జాతీయ సెలవు దినం. చిన్న సమూహానికి అంత పెద్ద గౌరవం ఎలా దక్కిందంటే మళ్లీ వాటాల దగ్గరికే రావాలి. తమిళులకు కావడి, తెలుగువాళ్లకు ఉగాది, మరాఠీలకు వినాయక చవితి, హిందీ, భోజ్‌పురి మూలాలున్నవాళ్లకు శివరాత్రి, ముస్లింలకు ఈద్, చైనీయులకు వసంతోత్సవం. బానిసత్వం రద్దయిన ఫిబ్రవరి 1, కూలీలు దిగిన నవంబర్ 2 కూడా సెలవులే. కాథలిక్కుల ఆగస్టు 15, నవంబర్ 1 పండుగలకు ఒక ఏడాది దానికి, ఒక ఏడాది దీనికి సెలవిస్తారు. అంతకుమించి క్యాలెండర్లో ఖాళీ లేదు మరి.

శివరాత్రికి మాత్రం దేశం దేశమే కదులుతుంది. అలంకరించిన కావళ్లు మోసుకుంటూ లక్షల మంది రోజుల తరబడి నడిచి గ్రాన్ బాసెన్ అనే అగ్నిబిలపు చెరువుకు చేరతారు. 1972లో గంగ నీళ్లు తెచ్చి అందులో కలిపాక దానికి గంగా తలావ్ అనే పేరు స్థిరపడింది. దారిలో అన్నదానం చేసేవాళ్లలో వేరే మతాలవాళ్లూ ఉంటారు. ఇక తిండి దగ్గర గోడలు అసలు కనపడవు. బఠాణీ పప్పు పొడి కూరిన ధాల్ పూరీలను రెండేసి చొప్పున కూర, పచ్చడి, మిరపకాయ ముద్ద వేసి కాగితంలో చుట్టి ఇస్తారు. దాన్ని నిలబడి తినని మారిషస్ మనిషి ఉండడు. అక్కడి ‘గాతో పిమాన్’ మన మసాలా వడకు సొంత చెల్లెలు.

62 సీట్లు, 8 సర్దుబాట్లు

1880ల తర్వాత పంచదార ధర పడిపోయి తోటల యజమానులు అంచు భూములను ముక్కలు చేసి అమ్మారు. కూలీల పిల్లలు కూడబెట్టిన డబ్బుతో వాటిని కొన్నారు. చిన్న రైతు పుట్టాడు, ఆ రైతు కొడుకు టీచరో లాయరో అయ్యాడు. 1936లో లేబర్ పార్టీ, 1937లో తోటల్లో అల్లర్లు. 1943 సెప్టెంబర్‌లో బెల్ వ్యూ హరెల్ దగ్గర సమ్మెలో ఉన్న కూలీల మీద పోలీసులు కాల్పులు జరిపినప్పుడు గర్భిణి అంజలై కూపెన్‌తోపాటు మరికొందరు చనిపోయారు. 1959 ఎన్నికల నాటికి వయోజనులందరికీ ఓటు దక్కింది. ఓటు రాగానే భయాలు కూడా వచ్చాయి: హిందువులు దాదాపు సగం, మరి మిగతావాళ్ల గతేమిటి?

1967 ఆగస్టు ఎన్నిక నిజానికి స్వాతంత్ర్యం మీద రెఫరెండం. రామ్‌గులామ్ కూటమికి 39 సీట్లు, దువాల్ పార్టీకి 23. ఓట్లలో 44 శాతం స్వాతంత్ర్యానికి వ్యతిరేకంగా పడ్డాయి. 1968 జనవరిలో పోర్ట్ లూయిస్‌లో క్రియోల్, ముస్లిం గుంపుల మధ్య గొడవలు చెలరేగి బ్రిటిష్ సైనికులు దిగాల్సి వచ్చింది. ఆ టెన్షన్ మధ్యే మార్చి 12న, దండి యాత్ర మొదలైన తేదీన, కొత్త జెండా ఎగిరింది. మరుసటి ఏడాదే రామ్‌గులామ్ తన ప్రత్యర్థి దువాల్‌ను ప్రభుత్వంలోకి తీసుకుని విదేశాంగ మంత్రిని చేశాడు. మారిషస్ పద్ధతి అంటే అదే. ఓడినవాణ్ని బయట నిలబెట్టరు.

రాజ్యాంగంలో కూడా అదే సూత్రం. 62 మంది నేరుగా ఎన్నికవుతారు: 20 నియోజకవర్గాల నుంచి ముగ్గురేసి, రోడ్రిగ్స్ దీవి నుంచి ఇద్దరు. ఆ తర్వాత ఏ వర్గానికి తక్కువ సీట్లొచ్చాయో చూసి, ఓడినవాళ్లలో ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నవారికి 8 దాకా అదనపు సీట్లిస్తారు. దీన్నే బెస్ట్ లూజర్ పద్ధతి అంటారు. వర్గాలు నాలుగు: హిందువులు, ముస్లింలు, చైనీయులు, ఈ మూడింట్లోకీ రాని ‘సాధారణ జనం’. లెక్కకు ఆధారం 1972 జనాభా గణన. ఆ తర్వాతి గణనల్లో వర్గం అడగడం మానేశారు, కాబట్టి అర్ధ శతాబ్దం నాటి అంకెలతోనే ఇవాళ్టి సీట్లు పంచుతున్నారు. నా వర్గం చెప్పను, నేను మారిషస్ పౌరుణ్ని అని అభ్యర్థులు కొందరు పేచీ పెట్టగా, 2012లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ వాళ్ల వాదనవైపే మొగ్గింది. పద్ధతి మాత్రం పోలేదు. తీసేస్తే ఏమవుతుందోనన్న భయం అన్ని పార్టీలకూ ఉంది.

ఈ జాగ్రత్తకు మరో ముఖం కూడా ఉంది. 1995లో ప్రాథమిక విద్య చివరి పరీక్షలో తెలుగు, తమిళం, హిందీ, ఉర్దూ లాంటి భాషల మార్కులను ర్యాంకుకు లెక్కించాలా వద్దా అన్న గొడవ రాజ్యాంగ సవరణ దాకా వెళ్లి, సవరణ వీగిపోయి, ముందస్తు ఎన్నికలొచ్చాయి. అనిరుద్ జగన్నాథ్ ప్రభుత్వం ప్రధాన దీవిలోని 60 సీట్లనూ పోగొట్టుకుంది. ఇలాంటి 60-0 తీర్పులు 1982లోనూ 2024లోనూ కూడా వచ్చాయి. ఓటరుకు కోపం వస్తే సగం సగం ఉండదు. అయినా ప్రధాని పదవి ఎక్కువ కాలం రామ్‌గులామ్, జగన్నాథ్ కుటుంబాల మధ్యే తిరిగింది. హిందువు కాని ప్రధాని ఇప్పటివరకు పాల్ బెరాంజే ఒక్కడే, అదీ 2003 నుంచి 2005 వరకు.

చెరకు తర్వాత

1960ల మొదట్లో జేమ్స్ మీడ్ అనే ఆర్థికవేత్త ఈ దీవి భవిష్యత్తు మీద పెద్దగా ఆశ పెట్టుకోలేదు. జనాభా పెరుగుతోంది, ఉన్నది ఒక్క చెరకు. ఆయనకు తర్వాత నోబెల్ వచ్చింది గానీ ఈ జోస్యం మాత్రం తప్పింది. తప్పడానికి కారణాల్లో కొంత అదృష్టం. 1975 లోమే ఒప్పందంలో ఏటా సుమారు 5 లక్షల టన్నుల పంచదారను ప్రపంచ ధర కంటే బాగా ఎక్కువకు కొంటామని యూరప్ మాటిచ్చింది. మిగతాది బేరం. ప్రభుత్వం తోటలను జాతీయం చేయలేదు, ఎగుమతి మీద పన్ను వేసింది. ఫ్రెంచి సంతతి కుటుంబాలు లాభాలను హోటళ్లలో, బట్టల ఫ్యాక్టరీల్లో పెట్టాయి. 1970లో వచ్చిన ఎగుమతి మండలాల ఆలోచన చైనా సంతతి ప్రొఫెసరు ఎడ్వర్డ్ లిమ్ ఫాట్‌ది. హాంగ్‌కాంగ్ పెట్టుబడి వచ్చింది, పల్లెల ఆడవాళ్లు మొదటిసారి నెలజీతం తెచ్చారు. రాజ్యం ఒకరి చేతిలో, డబ్బు మరొకరి చేతిలో, ఒకరిని ఒకరు పడగొట్టుకోకూడదన్న రాయని ఒప్పందం. సైన్యమే లేని దేశం కావడంతో ఆ ఖర్చు బడికీ ఆసుపత్రికీ పోయింది, రెండూ ఉచితమే.

భారత్‌తో 1983లో అమల్లోకొచ్చిన పన్ను ఒప్పందం మరో కామధేనువు. మారిషస్ చిరునామా ఉన్న కంపెనీల మీదుగా ఏళ్ల తరబడి మన దేశంలోకి అత్యధిక విదేశీ పెట్టుబడి వచ్చింది. అందులో మన సొంత డబ్బే చుట్టూ తిరిగి వస్తోందన్న విమర్శకు ఢిల్లీ 2016లో ఒప్పందాన్ని సవరించింది. యూరప్ పంచదార ఒప్పందం అప్పటికే 2009లో ముగిసిపోయింది. ఇప్పుడు టూరిజం, బ్యాంకింగ్, ఎబెన్ సైబర్ సిటీ లాంటివి దేశాన్ని నడుపుతున్నాయి.

ఈ బేరంలో కుర్చీ దక్కనిది బానిసల వారసులైన క్రియోల్ జనానికి. 1999 ఫిబ్రవరిలో వాళ్ల అభిమాన గాయకుడు కాయా పోలీసు లాకప్‌లో చనిపోయినప్పుడు దేశం రోజుల తరబడి అట్టుడికింది. వాళ్ల సెగా పాట 2014లో యునెస్కో జాబితాకెక్కింది. మేకతోలు రవాన్ డప్పును మంట దగ్గర కాచి శ్రుతి చేసి వాయించే ఆ పాట ఇప్పుడు ప్రతి హోటల్లో విందు తర్వాత వినిపిస్తుంది. పాటకు దక్కిన చోటు భూమి పత్రాల్లో దక్కలేదు. 2009లో వేసిన సత్య, న్యాయ కమిషన్ 2011లో ఇచ్చిన నివేదికలో భూముల విషయం చాలా ఉంది, అమలైంది తక్కువ.

అంతకంటే పెద్ద అన్యాయం చాగోస్‌ది. స్వాతంత్ర్యానికి ముందు 1965లో బ్రిటన్ ఆ దీవులను 30 లక్షల పౌండ్లిచ్చి మారిషస్ నుంచి విడదీసి, డీగో గార్సియాను అమెరికా స్థావరానికి ఇచ్చింది. 1973కల్లా అక్కడి జనాన్నంతా ఖాళీ చేయించి పోర్ట్ లూయిస్, సీషెల్స్ రేవుల్లో దింపేశారు. 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం ఈ విడదీతే చట్టవిరుద్ధమంది. 2025 మే 22న దీవులను మారిషస్‌కు అప్పగించి, డీగో గార్సియాను 99 ఏళ్లు లీజుకు ఉంచుకునే ఒప్పందంపై బ్రిటన్ సంతకం చేసింది. మమ్మల్నెవరు అడిగారని ఆ దీవుల జనంలో చాలామంది అంటున్నారు, ఆ మాటలో న్యాయముంది.

మీడ్ భయపడిన జనాభా ఇప్పుడు తలకిందులైంది. 1960ల్లో స్త్రీకి సగటున ఆరుగురు పిల్లలుండగా ఇప్పుడు 1.4 దగ్గర ఉంది. పల్లెల నుంచి చదువుకున్న పిల్లలు ఫ్రాన్స్, బ్రిటన్, కెనడాలకు పోతున్నారు. బట్టల ఫ్యాక్టరీల్లో, భవనాల పనుల్లో, బేకరీల్లో చేతులు చాలక బంగ్లాదేశ్, నేపాల్, మడగాస్కర్, భారత్‌ల నుంచి కాంట్రాక్టు మీద కార్మికులను తెస్తున్నారు. వాళ్లు ప్లేసాన్స్ విమానాశ్రయంలో దిగుతారు, ఫ్యాక్టరీ కట్టించిన డార్మిటరీల్లో ఉంటారు, గడువు కాగానే వెళ్లిపోవాలి. జీతాల కోత మీద, వసతి మీద, పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోవడం మీద అప్పుడప్పుడూ ఫిర్యాదులు పత్రికలకెక్కుతాయి. నవంబర్ 2 సెలవు వాళ్లకూ వర్తిస్తుంది. 1972 లెక్కలోని నాలుగు వర్గాల్లో మాత్రం వాళ్లు లేరు.